పంపు రూములో ఆరు దారులు

మీ అపార్ట్‌మెంటులో స్విమ్మింగ్ పూల్ ఉంటే, దాని పక్కనో కిందనో ఒక చిన్న పంపు రూము కూడా ఉంటుంది. తలుపు తీయగానే మోటారు, పక్కన లావుపాటి ఫైబరు ట్యాంకు, ఆ ట్యాంకు నెత్తిన గానీ పక్కన గానీ ఒక ప్లాస్టిక్ వాల్వు కనిపిస్తాయి. వాల్వుకు ఒక హ్యాండిల్, హ్యాండిల్ చుట్టూ ఇంగ్లీషులో ఆరు మాటలు. పిల్లలు మునిగి తేలే నీళ్ళు ఎంత శుభ్రంగా ఉంటాయన్నది చాలావరకు ఆ హ్యాండిల్ తిప్పే మనిషి మీద ఆధారపడి ఉంది. ఆ మనిషికి మనం సాధారణంగా చెప్పేదల్లా ఇదే: "వారానికోసారి ఇటు తిప్పు, రెండు నిమిషాలాగి మళ్ళీ అటు తిప్పెయ్." ఎందుకు తిప్పాలో, తిప్పినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. అలా చెప్పకపోవడం వల్లే గ్యాస్కెట్లు చిరిగిపోతున్నాయి, కొన్న నీళ్ళు డ్రెయిన్ పాలవుతున్నాయి, ఒక్కోసారి మనుషులకు దెబ్బలు కూడా తగులుతున్నాయి.

ఈ అధ్యాయం అసోసియేషన్‌లో పూల్ బాధ్యత నెత్తినేసుకున్నవాళ్ళ కోసం, మొయినాబాద్ వైపో శంకర్‌పల్లి వైపో ఫామ్‌హౌసులో కొలను కట్టించుకున్నవాళ్ళ కోసం, అన్నిటికన్నా ముఖ్యంగా కొత్తగా పూల్ ఆపరేటరుగా చేరిన కుర్రాళ్ళ కోసం. ఆ ఆరు మాటల్నీ బట్టీ పట్టనక్కర్లేదు. ఒక్కో చోట హ్యాండిల్ ఉన్నప్పుడు నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో కళ్ళకు కడితే చాలు, ఎప్పుడేం చేయాలో మీకే తెలిసిపోతుంది.

ఇసుక చేసే పని

ముందు ట్యాంకు సంగతి. దాని లోపల సగానికి పైగా ఇసుక ఉంటుంది. అది ఇంటి కట్టుబడికి వాడే ఇసుక కాదు. కడిగి, జల్లించి, రేణువులన్నీ దాదాపు ఒకే సైజులో ఉండేలా తీసిన సిలికా ఇసుక. ఇళ్ళలోని పూల్ ఫిల్టర్లలో ఎక్కువగా వాడేది 0.45 నుంచి 0.55 మిల్లీమీటర్ల రకం. ట్యాంకు అడుగున సన్నని చీలికలున్న ప్లాస్టిక్ గొట్టాలు చేతివేళ్ళంత పొడవున నలువైపులా పరుచుకుని ఉంటాయి. వాటిని లాటరల్స్ అంటారు. నీళ్ళు ఆ చీలికల్లోంచి వెళ్తాయి, ఇసుక వెళ్ళదు. లాటరల్స్ అన్నీ కలిసేచోట ఒక నిలువు గొట్టం ఉండి, అది వాల్వు దాకా వెళ్తుంది.

మోటారు తోసిన నీళ్ళు పైనుంచి ఇసుక మీద పడి, కిందికి ఇంకి, లాటరల్స్‌లో చేరి, నిలువు గొట్టం గుండా పైకొచ్చి కొలనుకు తిరిగి పోతాయి. దారిలో దుమ్ము, చర్మపు పొలుసులు, ఆకుల ముక్కలు, నాచు ఇసుక రేణువుల మధ్య చిక్కుకుంటాయి. మామూలు ఇసుక ఫిల్టరు 20 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉన్న మురికిని పడుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, అది పట్టేది కంటికి ఆనని సన్నదనమే. కానీ అంతకంటే చిన్నవి కొన్ని తప్పించుకుంటాయి. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కేవలం 4 నుంచి 6 మైక్రాన్లు ఉంటుంది, పైగా క్లోరిన్‌కు అంత తేలిగ్గా చావదు. అందుకే కడుపు బాగాలేని పిల్లల్ని కొలనులోకి దింపకూడదని అంతగా చెబుతారు. ఫిల్టరు ఎంత మంచిదైనా ఆ జాగ్రత్తకు బదులు కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అప్పుడే కడిగిన ఇసుక కన్నా కాస్త మురికి పట్టిన ఇసుక బాగా వడకడుతుంది. రేణువుల మధ్య సందుల్లో చేరిన మురికి ఆ సందుల్ని ఇంకా ఇరుకు చేస్తుంది, దాంతో ఇంకా సన్నని మురికి కూడా ఆగిపోతుంది. కాబట్టి రోజూ బ్యాక్‌వాష్, అంటే నీళ్ళు వెనక్కు తిప్పి ఇసుకను కడగడం, చేయడం శుభ్రతకు గుర్తు కాదు. రోజూ కడిగితే ఫిల్టరు ఎప్పటికీ తన పూర్తి పనితనానికి చేరుకోదు. అలాగని వదిలేస్తే సందులు మరీ మూసుకుపోతాయి, నీటి ప్రవాహం తగ్గుతుంది, క్లోరిన్ కలిసిన నీరు కొలనులో అన్ని మూలలకూ చేరదు. చివరకు నీళ్ళు ఇసుకలో ఎక్కడో ఒకచోట సొరంగం చేసుకుని వడకట్టుకోకుండానే కిందికి జారిపోతాయి. ఈ రెంటికీ మధ్యన సరైన సమయం ఎప్పుడన్నది కనిపెట్టడమే ఈ పని మొత్తంలో అసలు నేర్పు.

మన దగ్గర ఇసుకకు ఇంకో కష్టం నూనె. తలకు కొబ్బరినూనె రాసుకుని నేరుగా కొలనులో దిగితే ఆ నూనె అంతా ఇసుకకే పడుతుంది. నూనె జిడ్డుకు మురికి తోడై ఇసుక ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఉత్త నీళ్ళకు విడిపోవు. దిగే ముందు సబ్బుతో స్నానం చేయాలన్న నియమాన్ని గోడ మీద బోర్డుగా వదిలేయకుండా గట్టిగా అమలు చేసిన చోట ఇసుక ఎన్నో ఏళ్ళు ఎక్కువ బతుకుతుంది.

ఎదురు నడక

ఇసుకతో నీళ్ళు వడకట్టి ఊరికి ఇవ్వడం 1804లో స్కాట్లాండ్‌లోని పైస్లీలో జాన్ గిబ్ అనే బట్టల చలువ కార్ఖానాదారు మొదలుపెట్టాడు. 1829లో లండన్‌లోని చెల్సీ నీటి కంపెనీకి జేమ్స్ సింప్సన్ పెద్ద ఇసుక మడులు కట్టించాడు. వాటిలో నీళ్ళు చాలా నెమ్మదిగా ఇంకేవి. మురికి పై పొరలోనే ఆగేది. మనుషులు పారలతో దిగి ఆ పొరను గీకి తీసేసేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికాలో వేగంగా వడకట్టే ఫిల్టర్లు వచ్చాయి. వాటిలో మురికి ఇసుక లోతుల్లోకి దిగిపోతుంది కాబట్టి గీకితే పోదు. అందుకని నీటినే వెనక్కు తిప్పి, కింది నుంచి పైకి తోసి, ఇసుకను కదిలించి కడగడం మొదలైంది. మీ పంపు రూములోని వాల్వు చేసేదీ అదే పని. అప్పట్లో దానికి నాలుగైదు వేరు వేరు వాల్వులు కావలసి వచ్చేవి, ఇప్పుడు ఒక్క హ్యాండిల్‌తో అయిపోతోంది.

బ్యాక్‌వాష్‌లో నీళ్ళు నిలువు గొట్టం గుండా కిందికి వెళ్ళి, లాటరల్స్ లోంచి పైకి చిమ్ముతాయి. ఆ తోపుకు ఇసుక మొత్తం లేచి, అన్నం ఉడికేటప్పుడు మెతుకులు పైకీ కిందికీ దొర్లినట్టు కదులుతుంది. రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని పట్టిన మురికిని వదిలేస్తాయి. ఇసుక బరువు కాబట్టి ట్యాంకులోనే ఉండిపోతుంది, మురికి తేలిక కాబట్టి నీళ్ళతోపాటు పైనుంచి బయటికి పోతుంది. ఇసుక మట్టం కాస్తయినా పైకి లేవాలంటే నీళ్ళకు వేగం ఉండాలి. మామూలుగా చెప్పే లెక్క ఒక చదరపు మీటరు ఇసుకకు గంటకు సుమారు 37 ఘనపు మీటర్ల నీళ్ళు. అంటే 24 అంగుళాల ట్యాంకుకు గంటకు పది వేల లీటర్లకు పైగా తోసే మోటారు ఉండాలి. పెద్ద ట్యాంకు కొని చిన్న మోటారు బిగించినచోట ఇసుక అసలు లేవదు. పది నిమిషాలు బ్యాక్‌వాష్ చేసినా నీళ్ళు పోతాయే తప్ప మురికి పోదు. ఫిల్టరు కొనేటప్పుడు అమ్మేవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఈ మోటారు ఈ ట్యాంకును బ్యాక్‌వాష్ చేయగలదా?

హ్యాండిల్ చుట్టూ

వాల్వుకు మూడు నోళ్ళు బయటికి కనిపిస్తాయి. ఒకటి మోటారు నుంచి నీళ్ళు వచ్చేది, ఒకటి కొలనుకు తిరిగి పంపేది, ఒకటి డ్రెయిన్‌కు పోయేది. ఇవి కాక ట్యాంకులోకి రెండు దారులున్నాయి: ఇసుక పైకి ఒకటి, నిలువు గొట్టంలోకి ఒకటి. ఈ అయిదింటిలో దేన్ని దేనితో కలపాలన్నది హ్యాండిల్ నిర్ణయిస్తుంది. వాల్వు మూత విప్పి చూస్తే గుండ్రటి చట్రం, మధ్యలోంచి అంచుకు వెళ్ళే రబ్బరు పట్టీలు కనిపిస్తాయి. దాన్ని స్పైడర్ గ్యాస్కెట్ అంటారు. దాని మీద ఒక రోటర్ కూర్చుని ఉంటుంది, రోటర్‌ను బలమైన స్ప్రింగు కిందికి అదిమి పెడుతుంది. హ్యాండిల్ నొక్కితే రోటర్ రబ్బరు మీది నుంచి కాస్త పైకి లేస్తుంది, అప్పుడు తిప్పాలి. నొక్కకుండా బలవంతంగా తిప్పితే రబ్బరు ఒరుసుకుపోయి చిరుగుతుంది.

ఫిల్టర్ అన్నచోట హ్యాండిల్ ఉంటే మోటారు నీళ్ళు ఇసుక పైకి వెళ్ళి, వడకట్టుకుని, నిలువు గొట్టంలోంచి కొలనుకు చేరతాయి. రోజూ ఉండాల్సిన చోటు ఇదే. బ్యాక్‌వాష్ దగ్గర దారి తిరగబడుతుంది: నీళ్ళు నిలువు గొట్టంలోంచి దిగి, ఇసుకను లేపి, పైనుంచి డ్రెయిన్‌కు పోతాయి. రిన్స్ దగ్గర నీళ్ళు ఫిల్టర్‌లో లాగానే పైనుంచి కిందికి వస్తాయి, కానీ కొలనుకు వెళ్ళకుండా డ్రెయిన్‌కు వెళ్తాయి. చాలామంది వదిలేసేది దీన్నే. బ్యాక్‌వాష్ అయ్యాక నిలువు గొట్టంలోనూ లాటరల్స్ చుట్టూనూ కొంత మురికి నీరు మిగిలి ఉంటుంది, ఇసుక కూడా ఇంకా సర్దుకుని ఉండదు. రిన్స్ చేయకుండా నేరుగా ఫిల్టర్‌కు తిప్పితే ఆ మురికంతా ఒక్క దమ్మున కొలనులోకి వస్తుంది. ఉదయం ఈత మొదలవగానే గోడలోని రిటర్న్ రంధ్రాల్లోంచి మట్టిరంగు పొగలా నీరు వస్తే, రాత్రి రిన్స్ చేయలేదన్నమాట.

తక్కిన మూడింటిలోనూ నీళ్ళు ఇసుక ముఖమే చూడవు. వేస్ట్ అంటే మోటారు నుంచి నేరుగా డ్రెయిన్‌కు. పటిక వేసి మురికినంతా అడుగున కూర్చోబెట్టి, దాన్ని వాక్యూమ్‌తో లాగేటప్పుడు ఇది వాడాలి, ఎందుకంటే అంత మురికిని ఇసుకలోకి పంపితే క్షణాల్లో మూసుకుపోతుంది. వానాకాలంలో కొలను నిండి పొర్లేటప్పుడు మట్టం తగ్గించడానికీ ఇదే. రీసర్క్యులేట్ అంటే మోటారు నుంచి నేరుగా కొలనుకు. మందులు కలపాల్సినప్పుడూ, ట్యాంకుకు మరమ్మతు ఉన్నప్పుడూ పనికొస్తుంది, కానీ అందులో వడపోత ఉండదు, రోజుల తరబడి అలా వదిలేస్తే నీళ్ళు మసకబారతాయి. క్లోజ్డ్ అంటే అన్నీ మూసినట్టు. ఆ స్థితిలో మోటారు ఆన్ చేయడం ప్రమాదం. నీళ్ళు పోవడానికి దారి ఉండదు, ఒత్తిడంతా గొట్టాల అతుకుల మీద, వాల్వు మూత మీద పడుతుంది.

గేజ్ చెప్పే మాట

వాల్వు మీద గానీ ట్యాంకు మీద గానీ ఒక చిన్న ప్రెషర్ గేజ్ ఉంటుంది. పంపు రూములో నేను మొదట చూసేది అదే. ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు, ఫిల్టర్ స్థితిలో మోటారు నడుస్తుండగా అది ఎంత చూపిస్తుందో మార్కర్‌తో ట్యాంకు మీదే పెద్దగా రాసిపెట్టండి. ఒకచోట అది 10 పీఎస్ఐ ఉండొచ్చు, మరోచోట 15. పక్క అపార్ట్‌మెంటు అంకెతో మీకు పని లేదు, మీ అంకె మీదే. ఆ అంకెకు 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ వేళ అయిందని అర్థం.

గేజ్ తగ్గడం కూడా ఒక సమాచారమే. మామూలు కన్నా తక్కువ చూపిస్తుంటే లోపం ఫిల్టరులో కాదు, మోటారుకు ముందు. నీటి మీద తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్టలో ఆకులు నిండి ఉండొచ్చు, మోటారు ముందున్న జల్లెడ బుట్ట మూసుకుని ఉండొచ్చు, కొలనులో నీటి మట్టం తగ్గి మోటారు గాలి పీలుస్తుండొచ్చు. అప్పుడు బ్యాక్‌వాష్ చేస్తే ఉపయోగం లేకపోగా ఉన్న నీళ్ళు కూడా పోతాయి. ఇక మోటారు ఆపినప్పుడు ముల్లు సున్నాకు రావాలి. మోటారు కొలను మట్టం కన్నా కింద ఉంటే కొంచెం ఒత్తిడి చూపించడం సహజమే. లేకపోతే మాత్రం ముల్లు ఎక్కడో ఆగిపోయిందంటే గేజ్ పాడైందని అర్థం. దాని ధర అంత ఎక్కువేమీ కాదు, వెంటనే మార్పించండి. చెడిపోయిన గేజ్‌ను నమ్ముకోవడం కన్నా గేజ్ లేకపోవడమే నయం.

బ్యాక్‌వాష్ చేయాల్సింది కేలండర్ చూసి కాదు, గేజ్ చూసి. దీనికి ఒక మినహాయింపు ఉంది. నలుగురూ వాడే కొలనులో గేజ్ పెరగకపోయినా వారానికి ఒకసారి తప్పనిసరిగా చేయాలి. ఇసుకలో చిక్కిన మురికి సూక్ష్మజీవులకు ఆహారం. అది వారాల తరబడి అక్కడే ఉంటే జిగురు పొరలా పెరుగుతుంది, ఆ పొర లోపల దాగిన క్రిముల్ని క్లోరిన్ కూడా సరిగ్గా చేరలేదు. ఒక కుటుంబం మాత్రమే వాడే ఫామ్‌హౌసు కొలనుకు ఇంత బిగువు అక్కర్లేదు, గేజ్ మాట వింటే సరిపోతుంది.

బ్యాక్‌వాష్ చేసే తీరు

రోజులో ఆఖరి ఈతగాడు వెళ్ళిపోయాక చేయడం మంచిది. రాత్రంతా ఇసుక సర్దుకుంటుంది, ఉదయానికి ఫిల్టరు మళ్ళీ పనిలో కుదురుకుంటుంది. ముందుగా కొలనులో నీళ్ళు చాలినంత ఉన్నాయో లేదో చూడండి. పొర్లు కాలువ ఉన్న కొలనైతే ఆ పొర్లిన నీళ్ళు చేరే బ్యాలెన్స్ ట్యాంకు చూడాలి. మధ్యలో నీళ్ళు తగ్గి మోటారు గాలి పీలిస్తే ఇసుక లేవదు. క్లోరిన్ డోసింగ్ పంపు ఉంటే ఆపేయండి.

తరువాత మోటారు ఆపండి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మోటారు నడుస్తుండగా హ్యాండిల్ తిప్పకూడదు, ఒక్క క్షణం కోసమైనా, తొందరగా ఉన్నా, నీళ్ళు నెమ్మదిగానే పారుతున్నాయనిపించినా. ఒత్తిడిలో ఉన్న నీరు రబ్బరును దాని గాడిలోంచి పీకేస్తుంది. హ్యాండిల్ రెండు స్థానాల మధ్య ఉన్న ఆ కొద్ది సేపు నీళ్ళకు సరైన దారి ఉండక ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, వాల్వు గొంతు దగ్గరి క్లాంపు ఊడి ఎగిరిన సందర్భాలూ ఉన్నాయి. మోటారు టైమరుతో నడుస్తుంటే టైమరును కాదు, గోడ మీది మెయిన్ స్విచ్‌నే ఆపాలి. మీరు హ్యాండిల్ తిప్పుతుండగా టైమరు దానంతటదే మోటారును ఆన్ చేసే ప్రమాదం అలాగైతేనే తప్పుతుంది.

ముల్లు కిందికి దిగాక హ్యాండిల్ నొక్కి బ్యాక్‌వాష్‌కు తిప్పి, గాడిలో కూర్చుందో లేదో చేత్తో కదిపి చూడండి. డ్రెయిన్ గొట్టానికి వాల్వు ఉంటే తెరవండి. ఇప్పుడు మోటారు వేయండి. వాల్వు పక్కన చిన్న గాజు గొట్టం ఉంటుంది, నీటి రంగు అందులో కనిపిస్తుంది. మొదటి కొన్ని క్షణాలు మామూలుగా కనిపించినా తొందరపడవద్దు, అది ఇసుక పైన ముందు నుంచీ ఉన్న నీరు. కాసేపటికి గోధుమ రంగో ఆకుపచ్చో వస్తుంది, తరువాత క్రమంగా తేరుతుంది. సాధారణంగా రెండు మూడు నిమిషాలు పడుతుంది. గడియారం కన్నా గాజు గొట్టాన్నే నమ్మండి. నీళ్ళు తేటపడ్డాక ఆపాలి, అంతకు మించి నడిపితే పోయేది మంచి నీళ్ళే. మళ్ళీ మోటారు ఆపి, రిన్స్‌కు తిప్పి, అర నిమిషం నుంచి నిమిషం దాకా నడిపి, మళ్ళీ ఆపి, ఫిల్టర్‌కు తిప్పి, మోటారు వేయాలి. మొత్తం మీద ఆపడం మూడుసార్లు, తిప్పడం మూడుసార్లు.

తిరిగి మోటారు వేసేటప్పుడు ట్యాంకు మీదికి వంగి నిలబడవద్దు. ట్యాంకు పైభాగంలో గాలి చేరి ఉంటే మోటారు దాన్ని నొక్కిపెడుతుంది, నొక్కుకుపోయిన గాలి నీళ్ళకన్నా చాలా ప్రమాదకరం. గాలి వదిలే చిన్న మర తెరిచి ఉంచి, పక్కకు తప్పుకుని స్విచ్ వేసి, అందులోంచి నీళ్ళు ధారగా వచ్చాక బిగించండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

కింది అంతస్తులో పంపు రూమున్న అపార్ట్‌మెంట్లకు ఇంకో జాగ్రత్త. కొలను పైన ఉంది కాబట్టి మోటారు నడవకపోయినా నీళ్ళు తమంతట తామే కిందికి వస్తాయి. హ్యాండిల్‌ను బ్యాక్‌వాష్‌లోనో వేస్ట్‌లోనో మరచిపోయి వెళ్ళిపోతే తెల్లారేసరికి కొలను మట్టం బాగా పడిపోయి ఉంటుంది. అలాంటి చోట వాల్వు మూత విప్పాలన్నా ముందు కొలను నుంచి వచ్చే గొట్టానికీ కొలనుకు పోయే గొట్టానికీ ఉన్న వాల్వులు రెండూ మూయాలి.

ఈ వరసంతా ఒక కాగితం మీద రాసి, లామినేట్ చేయించి గోడకు అంటించండి. తిప్పే మనిషి చదవగలిగే భాషలో రాయించండి. ఆపరేటరు ఒడిశా నుంచి వచ్చినవాడైతే ఒడియాలో, తెలుగువాడైతే తెలుగులో. పని నేర్చుకున్న మనిషికి జీతం కాస్త పెంచి నిలుపుకోవడం ఏటా గ్యాస్కెట్లు కొనడం కన్నా చవక, పైగా న్యాయం.

నీళ్ళ లెక్క

24 అంగుళాల ఫిల్టరులో బ్యాక్‌వాష్‌కు నిమిషానికి దాదాపు 175 లీటర్లు పోతాయి. మూడు నిమిషాల బ్యాక్‌వాష్, ఒక నిమిషం రిన్స్ కలిపితే 700 లీటర్లు. వారానికొకసారి అయితే నెలకు దాదాపు మూడు వేల లీటర్లే. అదే, తెలియక రోజూ పది నిమిషాలు చేసే చోట నెలకు 50 వేల లీటర్లు దాటుతుంది, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. వేసవిలో హైదరాబాద్‌లో ట్యాంకర్ కోసం ఎదురుచూసినవాళ్ళకు ఆ అంకె బరువు వేరే చెప్పక్కర్లేదు. 2024 మార్చిలో నీటి కొరత ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి ఈత కొలనులకు తాగునీరు వాడటాన్ని నిషేధించి, తప్పినవారికి జరిమానా పెట్టింది.

అలాగని బ్యాక్‌వాష్ నీళ్ళన్నీ దండగ అనుకోకూడదు. కొలను నీళ్ళలో కరిగిపోయిన చెమట, లవణాలు, క్లోరిన్ మిగిల్చిన పదార్థాలు ఏ ఇసుకకూ చిక్కవు. వాటిని తగ్గించే మార్గం పాత నీరు తీసి కొత్త నీరు పోయడమే. జర్మనీ ప్రమాణం డీఐఎన్ 19643 ఈదిన ఒక్కొక్కరికి 30 లీటర్ల చొప్పున కొత్త నీరు చేర్చాలంటుంది. ఆ లెక్కన 700 లీటర్లు 23 మందికి సరిపోతాయి. అంటే సరైన సమయంలో చేసిన బ్యాక్‌వాష్ ఇసుకనూ కడుగుతుంది, కొలను నీటినీ తాజాపరుస్తుంది.

బయటికొచ్చిన నీళ్ళను వడకట్టి మళ్ళీ కొలనులోనే పోద్దామని కొందరు అడుగుతుంటారు. వద్దు. ఇసుక పట్టిన క్రిములన్నీ చిక్కబడి ఉండేది ఆ నీళ్ళలోనే. ఊళ్ళకు తాగునీరిచ్చే కేంద్రాల విషయంలో కూడా అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2001లో బ్యాక్‌వాష్ నీటిని తిరిగి వాడటం మీద ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చింది. మన పంపు రూములో అంతటి శుద్ధి వ్యవస్థ ఉండదు. ఆ నీటిని ఒక తొట్టెలో పట్టి రెండు రోజులు ఎండకు ఉంచి, టెస్ట్ కిట్‌తో క్లోరిన్ లేదని తేల్చుకున్నాక లాన్‌కో చెట్లకో పెట్టవచ్చు. ఉప్పుతో క్లోరిన్ తయారు చేసే కొలనైతే ఆ నీళ్ళు మొక్కలకు పనికిరావు. చెరువులోకి, వాన నీటి కాలువలోకి, ఇంకుడు గుంతలోకి వదలవద్దు. అపార్ట్‌మెంటు మురుగు శుద్ధి కేంద్రానికి పంపేటట్లయితే ఒక్కసారిగా కాకుండా మధ్యలో ఒక గుంతలో ఆపి నెమ్మదిగా వదలాలి, అక్కడ పని చేసే బ్యాక్టీరియాను క్లోరిన్ చంపేస్తుంది కాబట్టి. డ్రెయిన్ గొట్టం చివర మురుగు నీళ్ళలో మునగకుండా పైన ఖాళీ వదిలి పెట్టించండి. మునిగి ఉంటే మురుగు వెనక్కు లాగబడే అవకాశం ఉంటుంది.

మొరాయించినప్పుడు

ఫిల్టర్ స్థితిలోనే డ్రెయిన్ గొట్టంలోంచి నీళ్ళు కారుతుంటే స్పైడర్ గ్యాస్కెట్ చిరిగిందనో, దాని కింద ఇసుక రేణువో పుల్లముక్కో ఇరుక్కుందనో అర్థం. కొలను మట్టం రోజురోజుకీ తగ్గుతుంటే గోడలు పగలగొట్టి లీకు వెతికే ముందు ఈ గొట్టం చివర చెయ్యి పెట్టి చూడండి. హ్యాండిల్ బిగుసుకుపోతే సుత్తి తీయవద్దు. మూత విప్పి, ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు రాయాలి. వాజలీన్, బండి గ్రీజు లాంటివి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. మూత విప్పే ముందు మూత మీదా బాడీ మీదా ఒకే చోట గీత గీసి పెట్టుకోండి, లేదంటే తిరిగి బిగించేటప్పుడు హ్యాండిల్ చూపించే పేరు ఒకటి, నీళ్ళు పోయే దారి ఒకటి అవుతుంది.

కొలను అడుగున, రిటర్న్ రంధ్రాల ఎదుట ఇసుక పోగవుతుంటే లాటరల్ విరిగి ఉండొచ్చు, లేదా ఎవరో చవకగా దొరికిందని సన్న ఇసుక పోసి ఉండొచ్చు. బ్యాక్‌వాష్ గుంతలో ఇసుక పడుతుంటే మోటారు ఆ ట్యాంకుకు మరీ పెద్దదేమో చూడాలి.

కొన్ని ఫిల్టర్లకు ఆరు దారుల వాల్వు బదులు లాగి నెట్టే వాల్వు ఉంటుంది. ఒక కడ్డీ, దాని మీద ఓ-రింగులున్న రెండు బిళ్ళలు. నెడితే ఫిల్టరు, లాగితే బ్యాక్‌వాష్. రిన్స్ ఉండదు. మోటారు ఆపాకే ముట్టుకోవాలన్న నియమం దీనికీ ఉంది. డయాటమేషియస్ ఎర్త్ అనే తెల్లటి పొడి వాడే ఫిల్టర్లలో బ్యాక్‌వాష్‌తో ఆ పొడి కూడా పోతుంది కాబట్టి ప్రతిసారీ కొత్త పొడి వేయాలి. అది వేసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కార్ట్రిడ్జ్ ఫిల్టర్లకు బ్యాక్‌వాషే లేదు, బయటికి తీసి పైపుతో కడగాలి. రెండు మూడు ట్యాంకులున్న పెద్ద కొలనుల్లో ఒక్కొక్కదాన్నీ విడిగా, తక్కినవి మూసి బ్యాక్‌వాష్ చేయాలి. అన్నీ ఒకేసారి తెరిస్తే నీరు పంచుకుపోయి ఏ ఇసుకా లేవదు.

ఇసుక మార్చడం

బ్యాక్‌వాష్ చేసిన రెండు రోజులకే గేజ్ మళ్ళీ ఎక్కుతుంటే, లేదా గేజ్ ఎన్నాళ్ళకూ కదలక నీళ్ళు మాత్రం మసకగానే ఉంటే, ఇసుక సంగతి చూడాల్సిందే. సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్ళకు మార్చాలి. బోరు నీళ్ళు గడుసుగా ఉండే చోట ఆ అవసరం ఇంకా ముందే రావచ్చు, సున్నం పేరుకుని రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ట్యాంకు తెరిచి చెయ్యి పెడితే ఇసుక వేళ్ళ మధ్యలోంచి జారిపోవాలి. గడ్డలుగా వస్తే మార్చే వేళయింది.

కొత్త ఇసుక పోసే ముందు ట్యాంకును సగం దాకా నీళ్ళతో నింపండి. లేకపోతే పైనుంచి పడే ఇసుక బరువుకు అడుగున లాటరల్స్ విరుగుతాయి. నిలువు గొట్టం మూతికి గుడ్డో టేపో చుట్టాలి, ఒక్క గుప్పెడు ఇసుక అందులో పడినా అది నేరుగా కొలనుకు చేరుతుంది. 24 అంగుళాల ట్యాంకుకు సుమారు 140 కిలోలు పడుతుంది, కచ్చితమైన బరువు ట్యాంకు మీది అట్ట మీద ఉంటుంది. పోయడం అయ్యాక చేత్తో చదును చేసి, గొట్టానికి చుట్టిన గుడ్డ తీసి, వాల్వు కూర్చునే అంచు మీద ఒక్క రేణువు లేకుండా తుడిచి బిగించాలి. మొదటిసారి మోటారు వేసేటప్పుడు హ్యాండిల్ ఫిల్టర్ దగ్గర కాదు, బ్యాక్‌వాష్ దగ్గర ఉండాలి. కొత్త ఇసుకలోని సన్నని దుమ్మంతా గాజు గొట్టంలో తెల్లగా కనిపిస్తుంది. అది పూర్తిగా తేటపడేదాకా నడిపి, రిన్స్ చేసి, అప్పుడే కొలనుకు కలపండి.